యూనిట్ - 2: తెలుగు పత్రికా రచన – భాష నడిచిన దారి, మౌలిక సూత్రాలు

విషయక్రమం

2.0 లక్ష్యాలు
2.1 పరిచయం
2.2 తొలి పత్రికలు – తొలి పాఠకులు
2.3 వీరేశలింగం, 'వివేకవర్ధని'
2.4 వ్యావహారిక భాషోద్యమం – పత్రికల పాత్ర
2.5 తంతి వార్త, అనువాదం తెచ్చిన చిక్కులు
2.6 నిజాం రాష్ట్రంలో తెలుగు పత్రిక
2.7 నార్ల నుంచి జిల్లా పేజీల వరకు
2.8 కొత్తగా అక్షరం నేర్చిన పాఠకులు
2.9 వార్తా రచన – మౌలిక సూత్రాలు
2.10 సారాంశం
2.11 ముఖ్య పదాలు
2.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

2.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• తెలుగు పత్రికల భాష గ్రాంథికం నుంచి వ్యావహారికానికి ఎలా మారిందో వివరించగలుగుతారు.
• ఆ మార్పులో వీరేశలింగం, గిడుగు, తాపీ ధర్మారావు, సురవరం, నార్ల వంటివారి పాత్రను గుర్తించగలుగుతారు.
• అనువాదం వల్ల వార్తా వాక్యంలో చేరిన దోషాలను పట్టుకుని సరిదిద్దగలుగుతారు.
• ఒక చిన్న వార్తను స్పష్టంగా, సూటిగా రాయగలుగుతారు.

2.1 పరిచయం

ఈ కింది రెండు వాక్యాలను పైకి చదవండి. రెండూ ఈ పాఠం కోసం తయారుచేసినవే. ఏ పత్రిక నుంచీ తీసుకున్నవి కావు.

మొదటి వాక్యం: గతరాత్రి కురిసిన అతివృష్టి వలన గ్రామ తటాకమునకు గండి సంభవించి, తత్పరిసర క్షేత్రములెల్ల జలమయములగుటచే కృషీవలులు మిక్కిలి నష్టమునకు లోనైరి.

రెండో వాక్యం: భారీ వర్షాల కారణంగా చెరువు కట్ట తెగిపోవడం జరిగిందని, తద్వారా సుమారు 200 ఎకరాల విస్తీర్ణంలో గల వరి పంట ముంపునకు గురికాబడిందని సంబంధిత అధికారులచే తెలియజేయబడింది.

మొదటిది నూరేళ్ల కిందటి పత్రికల ధోరణికి నమూనా. రెండోది ఇప్పటికీ అక్కడక్కడా కనిపించే ధోరణి. ఆ చెరువు కింద పొలమున్న రైతుకు ఎవరో ఈ రెండింటినీ చదివి వినిపించారనుకుందాం. మొదటిదానిలో చాలా మాటలు అతనికి తెలియవు. రెండోదానిలో మాటలన్నీ దాదాపు తెలిసినవే. కానీ కట్ట ఎప్పుడు తెగింది, ఎక్కడ తెగింది, ముందే ఎవరైనా హెచ్చరించారా, ఈ సంగతి చెప్పిన అధికారి ఎవరు అనే ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు దొరకదు. మొదటి వాక్యం రైతును బయటే నిలబెట్టింది. రెండోది లోపలికి పిలిచినట్టే పిలిచి ఏమీ చెప్పకుండా పంపేసింది.

వార్తా రచనలో మౌలిక సూత్రాలు అనగానే చాలామంది అవి ఇంగ్లీషు పుస్తకాల నుంచి వచ్చిన నియమాలనుకుంటారు. కొన్ని అలా వచ్చిన మాట నిజమే. కానీ తెలుగులో వార్త ఎలా రాయాలన్న విషయం, ఆ వార్త ఎవరికి అర్థం కావాలన్న వాదంలోంచి తేలింది. ఆ వాదం నూరేళ్లకు పైగా నడిచింది. దాన్ని తెలుసుకుంటే సూత్రాలను బట్టీపట్టనక్కరలేదు, అవి ఎందుకు పుట్టాయో తెలుస్తుంది. అందుకే ఈ యూనిట్‌లో ముందు చరిత్రను, ఆ తరువాత సూత్రాలను చూద్దాం.

2.2 తొలి పత్రికలు – తొలి పాఠకులు

1835లో బళ్లారి నుంచి క్రైస్తవ సంఘం వెలువరించిన 'సత్యదూత'ను తొలి తెలుగు పత్రికగా చెబుతారు. 1838లో మద్రాసు నుంచి 'వృత్తాంతిని', 1842లో అక్కడి నుంచే సయ్యద్ రహమతుల్లా సంపాదకత్వంలో 'వర్తమాన తరంగిణి' వచ్చాయి. తెలుగు పత్రికల ఆరంభంలోనే ఒక ముస్లిం సంపాదకుడు ఉన్నాడన్న విషయాన్ని మీరు గమనించాలి. తెలుగులో పత్రిక నడపడం మొదటి నుంచీ ఏ ఒక్క వర్గం పనీ కాదు.

అయితే అప్పటి పాఠకులు చాలా కొద్దిమంది. చదువు పండితులకు, ఉద్యోగులకు, కొద్దిపాటి వర్తకులకు పరిమితమై ఉండేది. వచన రచనకు అప్పటికి స్థిరమైన ఒరవడి లేదు. 1853లో పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక', 1858లో ఆయన 'బాలవ్యాకరణం' వెలువడ్డాయి. కథ చెప్పడంలో సూరి వచనానికి గొప్ప బిగువు ఉంది. కానీ పాఠశాలల్లో ఆ పుస్తకాలు పాఠ్యాలైన తరువాత, వచనమంటే ఇలాగే ఉండాలన్న అభిప్రాయం స్థిరపడింది. సంధులు కలపాలి, నోట పలికే రూపాలను వదిలేయాలి, పద్యానికి పనికొచ్చే మాటనే వచనంలోనూ వాడాలి అన్నది నియమమైంది. 1871లో కొక్కొండ వేంకటరత్నం పంతులు ప్రారంభించిన 'ఆంధ్రభాషా సంజీవని' ఈ ప్రౌఢ గ్రాంథికానికి పేరుపొందింది.

కథకు, కావ్యానికి నప్పిన ఈ భాష వార్తకు చిక్కు తెచ్చిపెట్టింది. వార్తను పాఠకుడు ఒక్కసారే చదువుతాడు. ఆ ఒక్కసారిలోనే అది అర్థం కావాలి. నిఘంటువు చూసి, అన్వయం కుదుర్చుకుని చదవాల్సి వస్తే అది వార్తగా మిగలదు.

2.3 వీరేశలింగం, 'వివేకవర్ధని'

కందుకూరి వీరేశలింగం పంతులు 1874 అక్టోబరులో 'వివేకవర్ధని'ని ప్రారంభించారు. మొదట దాన్ని మద్రాసులో అచ్చు వేయించేవారు. తరువాత రాజమండ్రిలోనే సొంత ముద్రణాలయం పెట్టుకున్నారు. ఆయన కూడా తొలి రోజుల్లో కఠినమైన గ్రాంథికంలోనే రాసేవారు. మరి ఎందుకు మారారు?

ఆయన పత్రిక పెట్టుకున్న పనిలోనే దీనికి జవాబుంది. 'వివేకవర్ధని' కచేరీల్లో లంచాలను, ఉద్యోగుల అవినీతిని, బాల్యవివాహాలను, వితంతువుల కష్టాలను రచ్చకెక్కించింది. లంచం ఇచ్చుకున్న మనిషికి ఆ వార్త అర్థం కావాలి, లంచం తిన్న మనిషికి గుచ్చుకోవాలి. సంధులతో ముడిపడిన పొడుగు వాక్యంతో ఈ రెండు పనులూ జరగవు. వీరేశలింగం వ్యావహారికానికి పూర్తిగా రాకపోయినా, అందరికీ తెలిసిన మాటలతో సరళ గ్రాంథికానికి దారి వేశారు. 'సంజీవని', 'వివేకవర్ధని' మధ్య నడిచిన వాదవివాదాలు పాఠకులకు కొత్త అలవాటు చేశాయి. పత్రిక అంటే పండితుడి ఉపన్యాసం మాత్రమే కాదని, అది ఒక బహిరంగ చర్చ అని వారికి తెలిసింది.

అప్పటి పత్రికల్లో వార్త, వ్యాఖ్య కలగలిసి ఉండేవి. సంపాదకుడు జరిగింది చెబుతూనే తన తీర్పునూ చెప్పేవాడు. ఆ తీర్పుకు మూల్యం చెల్లించిన సందర్భాలూ ఉన్నాయి. బెజవాడ నుంచి వెలువడిన 'స్వరాజ్య' పత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో తిరునల్వేలి కాల్పులను నిరసిస్తూ, పరాయి ప్రభుత్వాన్ని క్రూరమైన పులితో పోల్చి రాశారు. ఆ రాతకు ఆయన జైలుకు వెళ్లారు. జరిగిందేమిటో చెప్పడం వేరు, దాని గురించి మన అభిప్రాయం చెప్పడం వేరు. రెండో దానికి పత్రికలో సంపాదకీయం అనే చోటు ప్రత్యేకంగా ఏర్పడింది. ఆ చోటులో నిలబడి మాట్లాడే ధైర్యం హరిసర్వోత్తమరావు వంటివారి నుంచి వచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

1. ప్రౌఢ గ్రాంథికం వార్తా రచనకు ఎందుకు అనుకూలించలేదు?
2. 'వివేకవర్ధని' భాష సరళం కావడానికి, ఆ పత్రిక చేపట్టిన విషయాలకు ఉన్న సంబంధమేమిటి?

2.4 వ్యావహారిక భాషోద్యమం – పత్రికల పాత్ర

వాడుక భాషకు పట్టం కట్టాలన్న ఉద్యమం పత్రికా కార్యాలయంలో పుట్టలేదు. అది బడిలో పుట్టింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తి, పిల్లలకు నేర్పే పుస్తక భాషకూ వారి ఇంటి భాషకూ మధ్య ఉన్న అగాధాన్ని రోజూ చూశారు. పాఠశాలల పర్యవేక్షకుడిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారికీ ఇదే సందేహం కలిగింది. విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు వారికి తోడయ్యారు. 1897లో అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కం' నాటకం, వాడుక భాషలో ఎంత లోతైన విషయమైనా చెప్పవచ్చని అప్పటికే నిరూపించింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు.

జయంతి రామయ్య పంతులు వంటివారు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. వారి వాదాన్ని కొట్టిపారేయకూడదు. వాడుక భాష జిల్లాకో తీరుగా ఉంటుంది కదా, అందరికీ ఉమ్మడిగా ఉన్న గ్రాంథికాన్ని వదిలేస్తే పుస్తకానికి నిలకడ ఎక్కడుంటుందని వారు అడిగారు. ఇది నిజమైన ప్రశ్న. ఈనాటికీ పత్రికలను వదలని ప్రశ్న. దీనికి గిడుగు రెండు జవాబులు చెప్పారు. పాత వచన గ్రంథాలను, వ్యాఖ్యానాలను, శాసనాలను మూటగట్టుకుని ఊరూరా తిరిగి, పూర్వులు కూడా వచనంలో వాడుక రూపాలను వాడారని చూపించారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టే పండితులు కూడా దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వారి రచనల నుంచే ఎత్తి చూపారు. 1919లో 'తెలుగు' అనే పత్రికను నడిపారు.

ఇక పత్రికల సంగతి చూద్దాం. 1902లో మచిలీపట్నంలో మొదలైన 'కృష్ణాపత్రిక' ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో జాతీయోద్యమానికి గొంతుక అయింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన 'ఆంధ్రపత్రిక' 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో దినపత్రికగా వెలువడింది. అదే నెలలో బెజవాడలో గ్రంథాలయోద్యమకారులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించారు. ఈ రెండు సంఘటనలనూ కలిపి చూడాలి. పల్లెలో గ్రంథాలయానికి పత్రిక వచ్చేది. చదవడం వచ్చిన ఒకరు పైకి చదివితే చుట్టూ చేరినవారు వినేవారు. అంటే తెలుగు పత్రికకు కంటితో చదివే పాఠకుల కంటే చెవితో వినే పాఠకులే ఎక్కువ. వినేవాడికి వాక్యాన్ని వెనక్కి తిప్పి చూసుకునే వీలుండదు.

అయినా పెద్ద పత్రికలు చాలాకాలం సరళ గ్రాంథికాన్నే వాడాయి. పర్లాకిమిడిలో గిడుగు దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావు 1930లలో 'జనవాణి'లో వార్తలను, సంపాదకీయాలను వాడుక భాషలో రాసి, దినదినం జరిగే సంగతులకు ఆ భాష సరిపోతుందని చేసి చూపించారు. 1940 జనవరి 15న గిడుగు 'ప్రజామిత్ర' కార్యాలయంలో పత్రికా సంపాదకులను కలిసి తన చివరి విన్నపం వినిపించారు. ఆ తరువాత వారం రోజులకు, జనవరి 22న మరణించారు. జీవితమంతా బడి గురించి పోరాడిన మనిషి చివరిగా సంపాదకుల దగ్గరికి ఎందుకు వెళ్లారో ఆలోచించండి. పాఠ్యపుస్తకం మారాలంటే కమిటీలు ఒప్పుకోవాలి. పత్రిక మారడానికి సంపాదకుడు ఒప్పుకుంటే చాలు. ఆయన నమ్మకం వమ్ము కాలేదు. పాఠ్యపుస్తకాల కంటే ముందే పత్రికలు వాడుక భాషకు మారాయి.

2.5 తంతి వార్త, అనువాదం తెచ్చిన చిక్కులు

భాష వాడుకకు దగ్గరవుతున్న కాలంలోనే మరోవైపు నుంచి కొత్త చిక్కు వచ్చింది. దినపత్రికకు రోజూ వార్తలు కావాలి. దేశవిదేశాల వార్తలు తంతి ద్వారా, తరువాత టెలిప్రింటర్ ద్వారా వార్తా సంస్థల నుంచి ఇంగ్లీషులో వచ్చేవి. సబ్ ఎడిటర్ అర్ధరాత్రి కూర్చుని వాటిని తెలుగు చేయాలి. ముద్రణకు ఇవ్వాల్సిన వేళ దాటకూడదు.

ఈ పనివల్ల తెలుగుకు ఎంతో మేలు జరిగింది. సహాయ నిరాకరణం, సమ్మె, శాసనసభ, ప్రణాళిక వంటి మాటలు పత్రికల ద్వారానే ఇంటింటికీ చేరాయి. తంతికి మాటల లెక్కన డబ్బు చెల్లించాల్సి రావడంతో పొదుపుగా రాయడం, ముఖ్య విషయాన్ని ముందే చెప్పడం అలవాటయ్యాయి. ముఖ్యమైనది ముందు, వివరాలు తరువాత, అంతగా అక్కరలేనివి చివర ఉంచే పద్ధతిని తలకిందుల పిరమిడ్ అంటారు. చోటు చాలకపోతే చివరి పేరాను తీసేసినా వార్తకు లోటు రాదు.

నష్టమూ జరిగింది. ఇంగ్లీషు వాక్యం కట్టుబడి తెలుగులోకి జొరబడింది. ముఖ్యంగా మూడు దోషాలను గుర్తుంచుకోండి.

మొదటిది, కర్మణి ప్రయోగం. 'ప్రభుత్వంచే ఉత్తర్వులు జారీచేయబడినవి' అని రాస్తాం. ఇంట్లో ఎవరమూ 'అన్నం నాచే తినబడింది' అనం. ఇది అలవాటుకు సంబంధించిన దోషం మాత్రమే కాదు. 'నిధులు మళ్లించబడ్డాయి' అని రాస్తే మళ్లించినవాడు వాక్యంలోంచి తప్పించుకుంటాడు. చేసినవాడి పేరు తెలిసినప్పుడు కర్తను ముందు పెట్టి రాయడం విలేకరి బాధ్యత.

రెండోది, పొడుగు వాక్యం. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ వస్తుంది. ఎవరు ఏం చేశారో మొదటే తెలిసిపోతుంది, వివరాలు ఎన్ని చేర్చినా పాఠకుడు దారి తప్పడు. తెలుగులో క్రియ చివర వస్తుంది. ముప్పై నలభై మాటల ఇంగ్లీషు వాక్యాన్ని అలాగే ఒకే తెలుగు వాక్యంగా మారిస్తే, ఏం జరిగిందో తెలియడానికి పాఠకుడు చివరి మాట దాకా ఆగాలి. దాన్ని రెండు మూడు చిన్న వాక్యాలుగా విడగొట్టడమే దీనికి మందు.

మూడోది, నామవాచకాల మోత. 'తనిఖీ చేశారు' అంటే సరిపోయేచోట 'తనిఖీ చేయడం జరిగింది' అంటాం. 'చెప్పారు' అనాల్సినచోట ఉద్ఘాటించారు, వక్కాణించారు, పునరుద్ఘాటించారు అంటాం. మనిషి మామూలుగా చెప్పిన మాటకు 'చెప్పారు' అన్నదే నిజమైన క్రియ.

2.6 నిజాం రాష్ట్రంలో తెలుగు పత్రిక

మద్రాసులో గ్రాంథికమా, వ్యావహారికమా అన్న వాదం నడుస్తుంటే, నిజాం రాష్ట్రంలో అసలు తెలుగుకు చోటుందా అన్నది ప్రశ్న. అక్కడ పాలనా భాష, ఉన్నత విద్యా భాష ఉర్దూ. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి', ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల 'తెనుగు' వెలువడ్డాయి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 'గోలకొండ పత్రిక' హైదరాబాదులో ప్రారంభమైంది.

తెలంగాణలో కవులు లేరన్న ఒక విమర్శకు ప్రతాపరెడ్డి సంపాదకీయంతో సరిపెట్టుకోలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలను, రచనలను సేకరించి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రచురించారు. పత్రికా రచన నేర్చుకునేవారికి ఇందులో మంచి పాఠముంది. ఆయన ఆరోపణకు ఆవేశంతో కాక ఆధారాలతో జవాబు చెప్పారు. పేర్లు, ఊళ్లు, లెక్క ముందుంచితే విశేషణాల అవసరం ఉండదు.

ఇక్కడే జయంతి రామయ్య పంతులు అడిగిన ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. ఏ ప్రాంతపు వాడుక? 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత, పత్రికల్లో కోస్తా జిల్లాల చదువుకున్నవారి భాష ప్రమాణంగా స్థిరపడింది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటలు హాస్యానికో, మాండలికమన్న కొటేషన్ గుర్తుల మధ్యకో పరిమితమయ్యాయి. ఒకప్పుడు గ్రాంథికం చేసిన పనినే, అంటే పాఠకుడిని బయట నిలబెట్టే పనినే, కొత్త ప్రమాణ భాష కొంతవరకు చేసింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఈ విషయాన్ని గట్టిగా ముందుకు తెచ్చింది.

చెరువు నిండి నీరు పొర్లే చోటును తెలంగాణలో అలుగు అంటారు. రాయలసీమలో మరవ అంటారు. నెల్లూరు ప్రాంతంలో కలుజు అంటారు. మూడూ మంచి తెలుగు మాటలే. ఆ ఊరి వార్తలో ఆ ఊరి మాటనే వాడాలి. వేరే ప్రాంతం వారికి తెలియదనుకుంటే, 'నీరు పొర్లే అలుగు' అని పక్కన ఒక మాట చేర్చితే చాలు. దాన్ని 'అదనపు జల నిర్గమ ద్వారం' అని మార్చితే ఎవరికీ తెలియకుండా పోతుంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన వ్యవసాయ వృత్తి పదకోశం ఇటువంటి మాటలను ప్రాంతాలవారీగా సేకరించింది. విలేకరి అవసరానికి అది గొప్ప సంపద.

2.7 నార్ల నుంచి జిల్లా పేజీల వరకు

1938లో మద్రాసులో ప్రారంభమైన 'ఆంధ్రప్రభ'కు 1942 నుంచి 1959 వరకు నార్ల వెంకటేశ్వరరావు సంపాదకులుగా ఉన్నారు. 1960లో విజయవాడలో మొదలైన 'ఆంధ్రజ్యోతి'కి ఆయనే తొలి సంపాదకులు. నార్ల సంపాదకీయాలలో సామెత, నుడికారం, చురుకైన చిన్న వాక్యం కలిసి నడుస్తాయి. అంతర్జాతీయ రాజకీయాలను కూడా రచ్చబండ దగ్గర మాట్లాడే తెలుగులో చెప్పవచ్చని ఆయన నిరూపించారు.

రేడియో ఈ మార్పుకు తోడ్పడింది. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. రేడియోలో 'పైన పేర్కొన్న', 'కింద కనబరచిన' అనడానికి వీల్లేదు. వాక్యం ఊపిరికి అందేలా ఉండాలి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చాక, బొమ్మ చెబుతున్నదాన్ని మాట మళ్లీ చెప్పనక్కరలేదన్న సంగతి తెలిసింది.

1974 ఆగస్టు 10న విశాఖపట్నం నుంచి 'ఈనాడు' వెలువడింది. అప్పటిదాకా ఉత్తరాంధ్ర పాఠకులు వేరే ఊళ్లలో అచ్చయి ఆలస్యంగా చేరే పత్రికలు చదివేవారు. పత్రిక వారి ఊళ్లోనే అచ్చయి తెల్లవారేసరికి గుమ్మం ముందు పడటంతో స్థానిక వార్తకు విలువ పెరిగింది. 1985లో మండలాలు ఏర్పడ్డాయి. 1989లో జిల్లా అనుబంధాలు మొదలయ్యాయి. మండలానికో విలేకరి అవసరమయ్యాడు. గ్రామంలో బోరు చెడిపోయినా, బడి పైకప్పు కురిసినా అది వార్తే అయింది.

ఈ విస్తరణతో వేలమంది కొత్తవారు రాయడం మొదలుపెట్టారు. వారిలో చాలామంది రైతులు, ఉపాధ్యాయులు, చిన్న దుకాణదారులు. వారికి ఊరి సంగతులు బాగా తెలుసు. అయితే గ్రామీణ విలేకరులకు అచ్చయిన వార్త నిడివిని కొలిచి డబ్బు చెల్లించే లైన్ అకౌంట్ పద్ధతి ఉండేది. నాలుగు మాటల్లో చెప్పేదాన్ని పది మాటల్లో చెప్పాలన్న ఆశకు అది తావిచ్చింది. సభకు వచ్చిన ప్రతి పెద్దమనిషి పేరూ వార్తలో చేరడం, సభలో అసలేం తేలిందో మిగలకపోవడం ఇలా అలవాటైన దోషమే.

2.8 కొత్తగా అక్షరం నేర్చిన పాఠకులు

1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 44 శాతం. మహిళల్లో అది 33 శాతానికి మించలేదు. ఆ కాలంలోనే నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కూలి పని ముగించుకుని రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టిన మహిళలకు ఇచ్చిన వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. ఊళ్లో సారా దుకాణాన్ని మహిళలు మూయించిన కథ అది. పాఠం చదివిన దూబగుంట మహిళలు తమ ఊళ్లోనూ అదే పని చేశారు. 1992 నాటికి సారా వ్యతిరేక ఉద్యమం జిల్లాను, తరువాత రాష్ట్రాన్ని చుట్టుకుంది. దినపత్రికలు రోజుల తరబడి పేజీలు కేటాయించాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది.

మీరు ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ పాఠంలో అలంకారాలు లేవు. కఠిన పదాలు లేవు. అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషికి అర్థమయ్యే కొద్ది వాక్యాలు మాత్రమే ఉన్నాయి. అవి చదివినవారు దుకాణం ముందుకు వెళ్లి నిలబడ్డారు. సరళంగా రాయడమంటే పాఠకుడిని తక్కువ చేయడం అనుకునేవారికి ఇదే జవాబు. అర్థమైన మాటే పనిచేస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

1. తెలుగు వాక్యంలో క్రియ చివర రావడం వల్ల వార్త మొదటి పేరా రాయడంలో ఏ జాగ్రత్త అవసరం?
2. స్థానిక పదాలను వార్తలో ఎందుకు, ఎలా వాడాలి?

2.9 వార్తా రచన – మౌలిక సూత్రాలు

ఇప్పుడు మొదట చూసిన చెరువు వార్త దగ్గరికి వద్దాం. ఈ చరిత్రంతా తెలిసిన విలేకరి దాన్ని ఇలా రాయవచ్చు. ఇదీ ఊహించి రాసిన నమూనాయే.

'సోమవారం అర్ధరాత్రి ఊరి చెరువు కట్ట తెగింది. దిగువన 200 ఎకరాల్లో వరి నీట మునిగింది. ఎవరికీ ప్రాణాపాయం జరగలేదు. అలుగు పక్కన కట్ట బీటలు వారిందని వేసవిలోనే అర్జీ ఇచ్చామని, ఎవరూ వచ్చి చూడలేదని రైతులు చెప్పారు. అర్జీ అందిన మాట నిజమేనని, మరమ్మతుకు డబ్బు విడుదల కాలేదని నీటిపారుదల శాఖ ఇంజినీరు చెప్పారు. అర్జీ నకలును, రశీదును రైతులు విలేకరికి చూపించారు.'

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నలకు దీన్ని ఆనించి చూడండి. నిజమైన వార్తలో ఊరి పేరు, అర్జీ తేదీ, ఇంజినీరు పేరు కూడా ఉంటాయి. దీని నుంచి తీసుకోవాల్సిన సూత్రాలివి.

ఒకటి: ముఖ్యమైనది ముందు చెప్పండి. కట్ట తెగడం, పంట మునగడం, ప్రాణనష్టం లేకపోవడం మొదటి మూడు వాక్యాల్లోనే వచ్చాయి. వర్షపాతం వివరాలు తరువాత చేర్చవచ్చు.

రెండు: ఒక వాక్యంలో ఒక విషయమే ఉంచండి. వాక్యంలో 'అని' రెండుసార్లకు మించి వస్తే దాన్ని విడగొట్టండి.

మూడు: కర్తను దాచవద్దు. ఎవరు చేశారో, ఎవరు చేయలేదో తెలిస్తే రాయండి. తెలియకపోతే తెలుసుకున్నాకే రాయండి.

నాలుగు: ప్రతి ఆరోపణ పక్కనా చెప్పినవారిని నిలబెట్టండి. ఆరోపణకు గురైనవారి జవాబూ తీసుకోండి. 'సంబంధిత అధికారులు', 'విశ్వసనీయ వర్గాలు' అన్న మాటలు చాలాసార్లు మన బద్ధకానికి ముసుగులు.

ఐదు: విన్నదాన్ని, చూసినదాన్ని వేరుగా చెప్పండి. రశీదు చూశారు కాబట్టి రాశారు. చూడకపోతే, రైతులు అర్జీ ఇచ్చామని చెప్పారన్నంత వరకే రాయాలి.

ఆరు: ఆ పని చేసేవారి మాటనే వాడండి. చెరువు తటాకం కాదు, రైతు కృషీవలుడు కాదు.

ఏడు: రాసినదాన్ని పైకి చదవండి. ఊపిరి ఆగినచోట వాక్యం తెగాలి. నాలుక తడబడినచోట మాట మారాలి. గ్రంథాలయంలో పత్రికను పైకి చదివిన రోజుల నుంచి వచ్చిన ఈ పరీక్షకు మించినది ఇంతవరకు లేదు.

ఈ సూత్రాలు దినపత్రికకే కాదు, టీవీ వార్తకూ, ఫోన్‌లో చదివే వార్తకూ వర్తిస్తాయి. తెర చిన్నదైంది. పాఠకుడి ఓపికా చిన్నదైంది. కానీ చెరువు కింద పొలమున్న మనిషి అడిగే ప్రశ్నలు మారలేదు.

అభ్యాసం: మీ వీధిలోనో, మీరు పనిచేసే చోటనో ఈ వారం జరిగిన ఒక సంఘటనను 120 మాటలకు మించకుండా వార్తగా రాయండి. కనీసం ఇద్దరితో మాట్లాడి రాయండి. తరువాత దాన్ని మీ ఇంట్లో గానీ పొరుగున గానీ చదువు రాని ఒకరికి వినిపించండి. వారు తిరిగి చెప్పిన దాన్ని మీ వార్తతో పోల్చండి. వారు వదిలేసిన విషయం ఉంటే, ఆ లోపం వారిది కాదు. ఆ వాక్యాన్ని మళ్లీ రాయండి.

2.10 సారాంశం

తొలి తెలుగు పత్రికలు కొద్దిమంది పండిత పాఠకుల కోసం గ్రాంథికంలో వెలువడ్డాయి. సంఘసంస్కరణ అవసరం వీరేశలింగాన్ని సరళ భాష వైపు నడిపించింది. గిడుగు, గురజాడల ఉద్యమం వాడుక భాషకు సిద్ధాంత బలం ఇచ్చింది. తాపీ ధర్మారావు, నార్ల దాన్ని పత్రికల్లో ఆచరించి చూపారు. నిజాం రాష్ట్రంలో సురవరం ప్రతాపరెడ్డి ఆధారాలతో మాట్లాడే పత్రికా రచనకు ఒరవడి పెట్టారు. ఇంగ్లీషు నుంచి అనువాదం వల్ల పొదుపుతోపాటు కర్మణి ప్రయోగం, పొడుగు వాక్యం వంటి దోషాలు వచ్చాయి. జిల్లా పేజీలు, అక్షరాస్యతా ఉద్యమం పాఠకుల సంఖ్యను పెంచాయి. ఈ క్రమమంతా ఒక్క విషయాన్ని చెబుతుంది: ఎవరి గురించి రాస్తున్నామో వారికి అర్థం కావడమే వార్తకు మొదటి పరీక్ష.

2.11 ముఖ్య పదాలు

గ్రాంథికం: ప్రాచీన కావ్యాల వ్యాకరణాన్ని అనుసరించి రాసే భాష.
వ్యావహారికం: చదువుకున్నవారు నిత్యం మాట్లాడే భాషకు దగ్గరగా ఉండే రచనా భాష.
తలకిందుల పిరమిడ్: ముఖ్యాంశంతో మొదలుపెట్టి ప్రాధాన్యం తగ్గే క్రమంలో వివరాలను చెప్పే వార్తా నిర్మాణం.
కర్మణి ప్రయోగం: చేసినవారిని వెనక్కి నెట్టి, '-బడు' చేర్చి క్రియను చెప్పే వాక్య నిర్మాణం.
లైన్ అకౌంట్: అచ్చయిన వార్త నిడివిని బట్టి విలేకరికి చెల్లించే పద్ధతి.

2.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 30 పంక్తులలో సమాధానం రాయండి.

1. తెలుగు పత్రికల భాష గ్రాంథికం నుంచి వ్యావహారికానికి మారిన క్రమాన్ని వివరించండి.
2. వార్తా రచనలోని మౌలిక సూత్రాలను, వాటి చారిత్రక నేపథ్యాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 10 పంక్తులలో సమాధానం రాయండి.

1. 'గోలకొండ కవుల సంచిక' పత్రికా రచయితలకు చెప్పే పాఠమేమిటి?
2. అనువాదం వల్ల వార్తా వాక్యంలో చేరిన మూడు దోషాలను ఉదాహరణలతో రాయండి.
3. పత్రికా భాషకు ఒక ప్రాంతపు వాడుకే ప్రమాణం కావడం వల్ల కలిగే మేలు, కీడులను చర్చించి మీ అభిప్రాయం చెప్పండి.
4. ఈ వాక్యాన్ని మంచి వార్తా వాక్యాలుగా మార్చండి: 'పాఠశాలలో మరుగుదొడ్లు నిర్మించబడనందున బాలికలచే తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొనబడుతున్నట్లు తెలియవచ్చింది.' మార్చే ముందు మీరు ఇంకా ఏయే వివరాలు సేకరించాలో కూడా రాయండి.